ఇరవై నాలుగో నంబరు ఎవరిది?

(డాలస్ శివారు ఇర్వింగ్‌లో 2024 నవంబరులో జరిగిన ఒక తెలుగు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ఇందులో ‘ఇవాళ’, ‘ఈ నెల’, ‘ఈ సీజన్’ అన్నవన్నీ అప్పటివే.)

సభాధ్యక్షులకు, పెద్దలకు, ఆదివారం మధ్యాహ్నపు నిద్ర మానుకుని వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. ఈ వేదిక మీద మామూలుగా పద్యం గురించో, కథ గురించో మాట్లాడతారు. నన్ను మాత్రం బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడమన్నారు. అందుకు కారణం మీలో కొందరికి తెలుసు. పోయిన నెల ఒక మిత్రుని ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన వాదం చేతులు ఎండిపోయినా తెగలేదు, కార్లు ఎక్కే దాకా సాగింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో ఆడే మన డాలస్ మావరిక్స్ జట్టు తన పాత ఆటగాళ్ళలో ఇంకా ఎవరి జెర్సీని రిటైర్ చేయాలన్నదే ఆ వాదం. ఆ రాత్రి అందరూ ఒకేసారి మాట్లాడారు కాబట్టి నా మాట ఎవరికీ వినిపించలేదు. ఇవాళ మైకు నా చేతిలో ఉంది.

ముందుగా ఆ మాటకే అర్థం చెప్పుకోవాలి. మనిషి ఉద్యోగం నుంచి రిటైరవుతాడు సరే, చొక్కా ఎలా రిటైరవుతుందని మా అమ్మ అడిగింది. ఒక ఆటగాడు వేసుకున్న నంబరును అతని తరువాత ఆ జట్టులో మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టి, ఆ నంబరూ పేరూ రాసిన పెద్ద గుడ్డ బ్యానరును ఆటస్థలం పైకప్పు కింద వేలాడదీయడమే జెర్సీ రిటైర్ చేయడమంటే. క్రికెట్ చూసేవారికి ఇది కొత్త సంగతి కాదు. 2017లో శార్దూల్ ఠాకూర్ శ్రీలంకలో తన మొదటి వన్డేకు 10వ నంబరు వేసుకుని దిగితే, అది సచిన్ నంబరని అభిమానులు అతని మీద ఎంతగా విరుచుకుపడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత ఆ నంబరు ఎవరి వీపు మీదా కనిపించలేదు. నిరుడు ధోనీ 7వ నంబరుకూ అదే గౌరవం దక్కింది. అయితే అక్కడ నిర్ణయం దేశం మొత్తానిది, ఇక్కడ ఒక ఊరిది. ఈ తేడాను మనసులో పెట్టుకోమని కోరుతున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా దాని మీదే నడుస్తుంది.

నేను ఆటకు వెళ్ళినప్పుడల్లా అన్నిటికన్నా పై అంతస్తులో, చవక టికెట్టు సీట్లలో కూర్చుంటాను. అక్కడి నుంచి ఆటగాళ్ళు చీమల్లా కనిపిస్తారు గానీ, బ్యానర్లు మాత్రం దాదాపు కళ్ళకు ఎదురుగానే ఉంటాయి. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి అక్కడ కూర్చుని, ఆట విరామంలో పాప్‌కార్న్ నములుతూ, ఒక బ్యానరు వైపు వేలు చూపించి, “బ్రాడ్ డేవిస్ ఎవరు నాన్నా?” అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. తరువాతి పావుగంట కింద ఆట ఎలా నడిచిందో మా ఇద్దరికీ తెలియదు. బ్యానరు చేయాల్సిన పని ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. గుర్తున్నవాళ్ళను సన్మానించడానికైతే దాని అవసరం అంతగా లేదు, వాళ్ళు ఎలాగూ గుర్తున్నారు. ఆటను తన కళ్ళతో చూడని పిల్ల చేత ఒక ప్రశ్న అడిగించడం దాని పని.

ఇంతకీ ఈ బ్రాడ్ డేవిస్ ఎవరు? 1980లో డాలస్‌కు కొత్తగా జట్టు వచ్చింది. మొదటి సీజన్‌లో 82 ఆటలకు 15 గెలిచింది, 67 ఓడింది. అంత దీనమైన జట్టులోకి ఆ డిసెంబరులో డేవిస్‌ను తీసుకొచ్చారు. అంతకు ముందు అతను ఆడుతున్నది ఎక్కడో కాదు, అలాస్కాలో, యాంకరేజ్ నార్తర్న్ నైట్స్ అనే చిన్న లీగు జట్టుకు. పెద్ద జట్లు వద్దనుకున్న మనిషి మంచులో నుంచి వచ్చి, కొత్త జట్టుకు బంతిని అదుపులో పెట్టుకోవడం నేర్పి, పన్నెండు సీజన్లు ఇక్కడే ఉండిపోయాడు. ఏటా లీగులోని మేటి ఆటగాళ్ళు తూర్పు, పశ్చిమ జట్లుగా ఆడే ఆటకు ఒక్కసారైనా ఎంపిక కాలేదు, అంటే ఆల్‌స్టార్ కాలేదు. అయినా 1992లో ఈ జట్టు మొట్టమొదట పక్కన పెట్టిన నంబరు అతని 15. అంకెలు మాత్రమే చూసేవాళ్ళకు ఇది విడ్డూరంగా తోస్తుంది. నాకు తోచదు. డేవిస్ పేరు ఎత్తకుండా ఆ మొదటి రోజుల కథ చెప్పి చూడండి, మీకే తెలుస్తుంది.

రెండో బ్యానరు రొలాండో బ్లాక్‌మన్‌ది, నంబరు 22. పనామాలో పుట్టి బ్రూక్లిన్‌లో పెరిగిన మనిషి. పదకొండు సీజన్లలో డాలస్ కోసం 16,643 పాయింట్లు చేశాడు. డర్క్ వచ్చి దాటేవరకూ అదే జట్టు రికార్డు. నాలుగుసార్లు ఆల్‌స్టార్. వాటిలో 1987 నాటి సియాటిల్ ఆట ఒక్కటి చాలు. నిర్ణీత సమయం పూర్తిగా అయిపోయింది, గడియారంలో సున్నా ఉంది, అతను ఆడుతున్న పశ్చిమ జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది, బ్లాక్‌మన్ ఒక్కడే గీత దగ్గర రెండు ఫ్రీ త్రోలతో, అంటే ఎవరూ అడ్డురాకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లతో, నిలబడ్డాడు. రెండూ వేశాడు. వేసి, కాన్ఫిడెన్స్ అంటూ తనకు తానే చెప్పుకుంటున్నట్టు గట్టిగా కేక పెట్టాడు. అదనపు సమయంలో పశ్చిమం గెలిచింది. ఇతని గురించి మా వాదంలోనూ ఎవరూ నోరెత్తలేదు. 2000లో అతని బ్యానరు ఎగిరింది, దాని మీద తగువు లేదు.

మూడోది డెరిక్ హార్పర్‌ది. ఇక్కడ కొంచెం ఆగాలి. 1984 మే నెలలో, హార్పర్ మొదటి సీజన్‌లో, డాలస్ జట్టు లాస్ ఏంజెలస్ లేకర్స్‌తో ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లో, నాలుగో ఆట ఈ ఊరిలోనే ఆడుతోంది. స్కోరు సమానంగా ఉంది. చివరి క్షణాల్లో బంతి ఈ కుర్రవాడి చేతిలో ఉంది. తమ జట్టు ముందంజలో ఉందనుకుని, బాస్కెట్ వైపు పోకుండా, బంతిని నేలకు కొట్టుకుంటూ సమయం గడిపేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థమయ్యేలోపు గడియారం ఆగిపోయింది. అదనపు సమయంలో లేకర్స్ గెలిచింది, ఆ తరువాత సిరీస్ కూడా. ఇరవై రెండేళ్ళ వయసులో సొంత ఊరి జనం ఎదుట అటువంటి తప్పు చేసినవాడు ఏమైపోతాడో ఊహించండి. హార్పర్ ఎక్కడికీ పోలేదు. పదేళ్ళకు పైగా ఇక్కడ ఆడాడు, ఈ జట్టు చరిత్రలో అసిస్ట్‌లలోనూ స్టీల్స్‌లోనూ మొదటి స్థానం అతనిదే అయింది. అసిస్ట్ అంటే తోటివాడు పాయింట్లు చేసేలా బంతి అందించడం. స్టీల్ అంటే తెలుసు కదా, ఎదుటివాడి చేతిలో నుంచి బంతి లాక్కోవడం. బంతి చేతిలో ఉండగా లెక్క మరిచిపోయిన కుర్రవాడు, పరుల చేతుల్లోని బంతులు లాక్కోవడంలో ఊరికంతటికీ మొనగాడయ్యాడు. 2018 జనవరిలో అతని 12ను పైకి ఎత్తారు. ఇరవై ఏళ్ళు ఆలస్యమైందని నా అభిప్రాయం.

నాలుగోది డర్క్ నొవిట్స్కీ 41. దీని గురించి మాట్లాడితే మీకు తెలిసిందే చెప్పినట్టవుతుంది. ఇరవై ఒక్క సీజన్లు ఒకే జట్టు, 31,560 పాయింట్లు, 2011 టైటిల్. చిన్న సంగతి ఒకటి మాత్రం చెబుతాను. అతను కోరుకున్న నంబరు 41 కాదు, 14. 1998లో వచ్చేసరికి 14 రాబర్ట్ ప్యాక్ అనే ఆటగాడి దగ్గర ఉంది. అందుకని అంకెలు తిరగేసి తీసుకున్నాడు. 2022 జనవరి 5 రాత్రి ఆట అయిపోయిన తరువాత జరిగిన సభ కోసం, మరుసటి రోజు ఆఫీసులున్న జనం కూడా సీట్లలో నుంచి లేవలేదు. మా వరుసలో ఒక పెద్దాయన, తెలుగాయన కాదు, బ్యానరు పైకి పోతుంటే టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. తిరగేసిన ఒక అంకె మీద ఇంత ప్రేమ ఎలా పేరుకుంటుందో చెప్పడం కష్టం.

నాలుగు బ్యానర్లు అయిపోయాయి. ఇక అక్కడ లేనిది చెబుతాను. అదే మా తగువుకు మూలం.

1981 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో, మొట్టమొదటి ఎంపిక అవకాశం డాలస్‌కు వచ్చింది. చికాగో కుర్రవాడు, డిపాల్ యూనివర్సిటీ ఆటగాడు మార్క్ అగ్వైర్‌ను తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో తొమ్మిదో స్థానంలో బ్లాక్‌మన్‌ను తీసుకున్నారు. అగ్వైర్ వేసుకున్న నంబరు 24. మూడో సీజన్‌లో, అంటే 1983–84లో, ఆటకు సగటున 29.5 పాయింట్లు చేశాడు. ఇది జట్టు రికార్డుగా ఎంతకాలం నిలిచిందంటే, డర్క్ వచ్చి, ఇరవై ఒక్క ఏళ్ళు ఆడి వెళ్ళిపోయినా చెక్కుచెదరలేదు. లుకా డాన్చిచ్ వచ్చాకే దాన్ని దాటగలిగాడు. మూడుసార్లు ఆల్‌స్టార్. 15 ఆటలు గెలిచిన జట్టులోకి వచ్చినవాడు, 1988లో అదే జట్టు మ్యాజిక్ జాన్సన్ లేకర్స్‌ను పశ్చిమ ఫైనల్స్‌లో ఏడో ఆట, అంటే ఆఖరి ఆట దాకా లాక్కెళ్ళినప్పుడు దాని ప్రధాన స్కోరరు. ఆ లేకర్స్ ఆ ఏడాది టైటిల్ గెలిచింది.

మరి బ్యానరు ఎందుకు లేదు? కోచ్ డిక్ మోటాతో అతని పేచీలు అందరి ఎదుటే నడిచాయి. మనసుపెట్టి ఆడడు, అలుగుతాడు అన్న నింద పడింది. చివరకు 1989 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌కు మార్చి, ఏడ్రియన్ డాంట్లీని తెచ్చుకున్నారు. అక్కడికి పోయిన అగ్వైర్ 1989లో, 1990లో వరుసగా రెండు టైటిళ్ళు గెలిచాడు. ఇక్కడి జట్టు మాత్రం కొద్ది ఏళ్ళలోనే అడుగంటింది. అలిగే మనిషి అన్నారు కదా, అదే మనిషి డెట్రాయిట్‌లో డెనిస్ రాడ్‌మన్‌కు చోటు ఇచ్చి బెంచి మీద నుంచి వచ్చి ఆడటానికి ఒప్పుకున్నాడు. అయినా ఊరి మనసు విరిగింది. విరిగిన మనసు ముప్పై అయిదేళ్ళుగా విరిగే ఉంది.

ఇక్కడ నాకు ఒక అనుమానం ఉంది, దాన్ని దాచుకోను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. ఈ ఆటలో మాత్రం పెరటి చెట్టుకే పూజ. డేవిస్ ఆట మానేశాక జట్టు రేడియోలో మాట్లాడాడు, హార్పర్ టీవీలో మాట్లాడాడు. బోస్టన్‌లో సెడ్రిక్ మాక్స్‌వెల్ ఉన్నాడు. 1981 ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు, 1985లో పెద్దలతో మనస్పర్థల మధ్య బిల్ వాల్టన్ కోసం క్లిప్పర్స్‌కు పంపేశారు. ఆ తరువాత అదే జట్టు రేడియోలో గొంతుగా మారాడు, 2003లో అతని 31ను పైకి ఎత్తారు. ముగ్గురూ అర్హులే, అందులో సందేహం లేదు. కానీ రోజూ కనిపించే మనిషితో కోపం ఎక్కువ కాలం నిలవదు. ఊరు విడిచిపోయినవాడితో రాజీ కుదిర్చేవాళ్ళు ఉండరు. అగ్వైర్ ఇక్కడే ఉండి వారానికి మూడు రాత్రులు టీవీలో ఆట గురించి చెబుతూ ఉంటే, ఇవాళ నేను ఈ ప్రసంగం చేయాల్సి వచ్చేది కాదు.

ఇప్పుడు ఇందులో ఉన్న పెద్ద తిరకాసు చెబుతాను. అగ్వైర్ వెళ్ళాక 24ను ఇతరులకు ఇచ్చారు. తొంభైలలో జిమ్ జాక్సన్ అదే నంబరుతో ఆడాడు. కానీ ఇవాళ డాలస్‌లో 24వ నంబరు ఎవరూ వేసుకోరు. అగ్వైర్ కోసమా అంటే, కాదు. 2020 జనవరి 26న లేకర్స్ మాజీ ఆటగాడు కోబీ బ్రయంట్ హెలికాప్టర్ ప్రమాదంలో తన కూతురు జియానాతో పాటు మరణించాడు. ఆ రోజే, అప్పటి యజమాని మార్క్ క్యూబన్, మావరిక్స్‌లో ఇక ఎవరూ 24 వేసుకోరని ప్రకటించాడు. కోబీ ఈ జట్టుకు ఒక్క ఆట కూడా ఆడలేదు. పైగా 2005 డిసెంబరు 20న ఇదే డాలస్ మీద మూడు క్వార్టర్లలో ఒక్కడే 62 పాయింట్లు చేశాడు. అప్పటికి డాలస్ జట్టు మొత్తం కలిపి చేసింది 61. ఆ రాత్రి అతను వేసుకున్నది 24 కూడా కాదు, 8. ఇక 24 వేసుకుని 2011లో మన మీద ప్లేఆఫ్స్ ఆడినప్పుడు నాలుగు ఆటలకు నాలుగూ ఓడి వెళ్ళాడు.

కోబీ మరణం విన్న రోజు మా ఇంట్లోనూ ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఆ దుఃఖాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ సాయంత్రం క్యూబన్ చేసిన ప్రకటన మనసులో నుంచి వచ్చిందే. కానీ దుఃఖంలో చేసిన పనికీ, ఆలోచించి చేయాల్సిన పనికీ తేడా ఉంటుంది. మాది పల్నాడు. ఊరి కోసం పోరాడి పోయినవాడికి ఊరి పొలిమేరలో వీరగల్లు వేయడం మా తాతల కాలం కన్నా ముందు నుంచి ఉన్న ఆచారం, కారెంపూడిలో వీరుల గుడే ఉంది. ఆ రాయి మీద పొరుగు సీమ రాజు ఎంత గొప్పవాడైనా అతని బొమ్మ చెక్కరు. అతనికి అతని ఊరు చెక్కుతుంది. కోబీకి లాస్ ఏంజెలస్ రెండు నంబర్లూ, 8నూ 24నూ, 2017 డిసెంబరులో ఒకే రాత్రి పైకి ఎత్తింది. అక్కడ అతనికి జరిగిన లోటు ఏమీ లేదు.

ఇతర ఊళ్ళు ఈ తప్పు చేయలేదా అంటే, చేశాయి. మయామీ జట్టు 2003లో మైకేల్ జోర్డన్ 23ను రిటైర్ చేసింది. జోర్డన్ మయామీకి ఎప్పుడూ ఆడలేదు, మయామీని ఓడించాడు. ఎదుటివాడిని గౌరవించడం పెద్దమనసే అని కొందరు అంటారు. కావచ్చు. కానీ పెద్దమనసు చూపించడానికి నిలబడి చప్పట్లు కొడితే చాలు, అందుకోసం ఇంట్లో గది ఖాళీ చేయనక్కరలేదు. ఒక్క బిల్ రసెల్ విషయం వేరు. 13 సీజన్లలో 11 టైటిళ్ళు గెలిచి, నల్లవారి హక్కుల కోసం నిలబడిన అతని 6ను 2022 ఆగస్టులో లీగు మొత్తం పక్కన పెట్టింది. అది లీగు తన తరఫున తీసుకున్న నిర్ణయం, ఒక ఊరిది కాదు. 2011లో టైసన్ చాండ్లర్ ఇక్కడ వేసుకున్న నంబరు కూడా 6 కాబట్టి, అతని అభిమానుల వాదం దాంతో ముగిసిపోయిందనుకోండి.

మా మిత్రుల్లో ఒకరు లేకర్స్ పద్ధతిని మెచ్చుకున్నారు. అక్కడ నియమం కచ్చితం: బాస్కెట్‌బాల్ మేటివారి గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినవాడికే బ్యానరు. ఈ నియమంతో తగువులు తగ్గుతాయి, నిజమే. కానీ ఎవరిని గుర్తుపెట్టుకోవాలో నిర్ణయించే పనిని ఊరు పక్కవాళ్ళ కమిటీకి అప్పగించినట్టు అవుతుంది. పైగా కోబీ విషయంలో వాళ్ళే హాల్ ఆఫ్ ఫేమ్ కోసం ఆగలేదు. ఈ నియమం ఇక్కడ ఉంటే బ్రాడ్ డేవిస్ బ్యానరు ఉండేది కాదు, మా అమ్మాయి ఆ ప్రశ్న అడిగేది కాదు.

దానికి పూర్తిగా అవతలి ఒడ్డున బోస్టన్ ఉంది. మొన్న జూన్‌లో ఫైనల్స్‌లో మనల్ని 4–1తో ఓడించిన జట్టు కాబట్టి వాళ్ళను పొగడడానికి నోరు రావడం లేదు గానీ, వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. ఇరవైకి పైగా నంబర్లు పక్కన పెట్టారు. ఇలా పోతే నంబర్లు అయిపోవా అని కొందరు వెక్కిరిస్తారు. సున్నా, రెండు సున్నాలు, ఒకటి నుంచి తొంభై తొమ్మిది, మొత్తం 101 నంబర్లు ఉన్నాయి. జట్టులో ఉండేది పదిహేను, పద్దెనిమిది మంది. కాబట్టి అది లెక్క తెలియని వెక్కిరింపు. బోస్టన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది జిమ్ లాస్కుటాఫ్ కథ. అతని నంబరు 18. దాన్ని అటకెక్కించవద్దని, తరువాతివాళ్ళు వేసుకోవాలని అతనే కోరాడు. అందుకని నంబరుకు బదులు అతని ముద్దుపేరు ‘లాస్కీ’ని బ్యానరు మీద రాశారు. ఆ 18ని తరువాత డేవ్ కవెన్స్ వేసుకున్నాడు, దాన్ని కవెన్స్ పేరున పక్కన పెట్టారు. న్యూయార్క్‌లో ఒకే 15ను డిక్ మెగ్వైర్‌కూ, ఎర్ల్ మన్రోకూ ఇద్దరికీ పక్కన పెట్టారు. ఒక నంబరు ఒక్కరిదే కావాలన్న శాసనం ఎక్కడా లేదు. ఈ మాట దగ్గరకు మళ్ళీ వస్తాను.

ఓక్లహోమా సిటీ ఇంకో రకం. మనకు మూడు, నాలుగు గంటల దూరం. వాళ్ళు పైకి ఎత్తిన నంబరు నిక్ కాలిసన్ 4. ఆడిన పద్నాలుగు సీజన్లలో అతని సగటు ఆరు పాయింట్లకు కూడా చేరలేదు, 5.9. ఆల్‌స్టార్ కాలేదు. కానీ జట్టు సియాటిల్‌లో ఉన్నప్పుడు చేరి, 2008లో ఓక్లహోమాకు తరలివచ్చినప్పుడు దానితో పాటు వచ్చి, ఆఖరు దాకా మరో జట్టు మొహం చూడకుండా ఆడాడు. కొత్త ఊరికి జట్టు వచ్చినప్పుడు మొదటి ఇటుక ఎవరు పెట్టారో ఆ ఊరికి తెలుసు. నా లెక్కలో కాలిసన్, డేవిస్ ఒకే బాపతు మనుషులు.

చూశారా, కొలబద్ద మారుతూ పోతోంది. నా కొలబద్ద ఏదో ఇప్పుడు చెబుతాను. ఈ జట్టు కథను ఈ ఊరివాడు ఎవరికైనా చెప్పేటప్పుడు, ఒక మనిషి పేరు దాటవేస్తే కథలో గొయ్యి పడుతుందా లేదా? పడితే బ్యానరు ఎత్తాలి. అతను మంచివాడా, అలిగాడా, వెళ్ళిపోయాడా అన్నవి కథలో భాగాలు, కథ నుంచి తీసేయడానికి కారణాలు కావు.

ఈ కొలబద్దతో మిగిలినవాళ్ళను కూడా చూడాలి, లేకపోతే నా మిత్రులు వదలరు. మైకేల్ ఫిన్లీ, నంబరు 4. 1996లో వచ్చి, ఓడిపోవడానికి అలవాటు పడిన జట్టు గెలవడం నేర్చుకునే దాకా మోశాడు. 2005లో జీతాల లెక్కల కోసం వదిలేశారు, పోయి శాన్ ఆంటోనియోలో టైటిల్ గెలిచాడు. డర్క్ కథలో మొదటి సగం ఫిన్లీ లేకుండా చెప్పలేం. నా వరకు అతని నంబరు పైకి పోవాలి. స్టీవ్ నాష్ ఆరేళ్ళు ఇక్కడ ఆడాడు, కానీ అతని అసలు కథ ఫీనిక్స్‌ది, 2005, 2006 ఎంవీపీలు, అంటే ఆ సీజన్ల మేటి ఆటగాడి అవార్డులు, అక్కడే గెలిచాడు. అతన్ని ఫీనిక్స్‌కు వదిలేద్దాం. జేసన్ కిడ్ కొంచెం చిక్కు. మొదటిసారి 5 వేసుకున్నాడు, 1996లో వెళ్ళిపోయాడు, 2008లో తిరిగి వచ్చి 2 వేసుకుని 2011 టైటిల్ గెలిచాడు, ఇవాళ జట్టుకు కోచ్. ఆ 2 ఇవాళ డెరెక్ లైవ్‌లీ వీపు మీద ఉంది. తన నంబరు వేసుకున్న కుర్రవాడికి తానే ఆట నేర్పుతున్న మనిషికి బ్యానరు తొందరేమీ ఉండదనుకుంటాను.

ఇక జేసన్ టెర్రీ. ముందు వరుసలో ఇద్దరు యువకులు 31 జెర్సీలు వేసుకుని కూర్చున్నారు, నాకు కనిపిస్తూనే ఉన్నారు. 2010–11 సీజన్ మొదలవకముందే చేతి కండ మీద ఛాంపియన్‌షిప్ ట్రోఫీని పచ్చబొట్టు పొడిపించుకున్న మనిషి. ఓడిపోతే చెరిపించుకుంటానన్నాడు. 2011 జూన్ 12న మయామీలో, చివరి ఆటలో, డర్క్ చేతికి మొదట్లో బంతి కలిసిరాని రాత్రి, టెర్రీ 27 పాయింట్లు చేశాడు. ఆ టైటిల్ కథ టెర్రీ లేకుండా చెబితే అది కథే కాదు. కాకపోతే ఈ సీజన్‌లో ఆ 31ను క్లే థాంప్సన్ వేసుకున్నాడు. అతను వేసుకున్నది తన అభిమాన ఆటగాడు రెజీ మిల్లర్ కోసం, టెర్రీ మీద అగౌరవంతో కాదు. థాంప్సన్ వెళ్ళాక ఆ చొక్కాను ఎత్తాలి. టెర్రీ అభిమానులు కొన్నాళ్ళు ఓపిక పట్టాలి.

వెళ్ళిపోయినవాడిని ఊరు క్షమిస్తుందా అన్న ప్రశ్నకు ఈ నెల 2వ తేదీనే జవాబు దొరికింది. విన్స్ కార్టర్ 2004 డిసెంబరులో టొరాంటోను వదిలి న్యూజెర్సీకి పోయాడు. ఆ తరువాత ఏళ్ళ తరబడి అతను టొరాంటోకు వచ్చినప్పుడల్లా బంతి ముట్టుకుంటే చాలు జనం హేళన చేసేవారు. మన డాలస్‌లో కూడా 25 వేసుకుని మూడేళ్ళు ఆడాడు, 2014లో శాన్ ఆంటోనియో మీద మూల నుంచి ఆఖరి క్షణంలో వేసిన మూడు పాయింట్ల షాట్ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కార్టర్ 15ను ఈ నెలలో టొరాంటో పైకి ఎత్తింది. ఆ జట్టు చరిత్రలోనే రిటైర్ చేసిన మొదటి నంబరు అది. హేళన చేసిన జనమే లేచి నిలబడ్డారు. కార్టర్ టొరాంటోను ఎంతగా నొప్పించాడో, అగ్వైర్ డాలస్‌ను అందులో సగం కూడా నొప్పించలేదు. పైగా అగ్వైర్‌ను ఇక్కడివాళ్ళే మార్చేశారు. చికాగోలో డెరిక్ రోజ్ సెప్టెంబరులో ఆటకు స్వస్తి చెప్పాడు. ఇరవై రెండేళ్ళకే ఎంవీపీ, ఏడాది తిరగకుండానే మోకాలి లిగమెంటు తెగి ఆగిపోయిన కథ. అతని 1 గురించి అక్కడ ఇదే వాదం నడుస్తోంది. కథలో గొయ్యి పడుతుందా అంటే, చికాగోవాళ్ళకు జవాబు తెలుసు.

కాబట్టి 24 దగ్గరకు తిరిగి వస్తున్నాను. నా ప్రతిపాదన చాలా చిన్నది. ఆ నంబరు ఇప్పటికే ఎవరికీ ఇవ్వడం లేదు. కొత్తగా ఏ ఆటగాడి చొక్కానూ లాక్కోనక్కరలేదు, ఏ నియమాన్నీ మార్చనక్కరలేదు. కోబీకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమని కూడా నేను అడగడం లేదు. న్యూయార్క్ 15ను ఇద్దరికి పంచినట్టు, ఇక్కడ 24ను ఇద్దరి పేరు మీదా ఉంచవచ్చు. బ్యానరు మాత్రం అగ్వైర్ పేరుతో ఎగరాలి, ఎందుకంటే డాలస్ అని ఉన్న చొక్కా మీద ఆ నంబరు వేసుకుని ఏడున్నర సీజన్లు పరిగెత్తినవాడు అతనే. ఒక గుడ్డముక్క ఖర్చు, ఒక ఫోను పిలుపు. ఆ ఫోను చేయడమే ఈ ముప్పై అయిదేళ్ళలో అందరికీ బరువైంది.

బ్లాక్‌మన్ 22, హార్పర్ 12 అక్కడ ఉన్నాయి. 1988లో లేకర్స్‌ను ఏడో ఆట దాకా లాక్కెళ్ళిన ముగ్గురిలో ఇద్దరు పైకప్పు కింద ఉన్నారు. చవక సీట్లలో నుంచి చూస్తే ఆ వరుసలో చోటు ఇంకా చాలానే ఉంది, నేను లెక్కపెట్టి చూశాను.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలకు పది నిమిషాలు ఉన్నాయన్నారు. 31 జెర్సీలు వేసుకున్న తమ్ముళ్ళు అప్పటి నుంచి చేతులు ఎత్తే ఉన్నారు, ముందు మైకు వాళ్ళకే ఇవ్వండి.